నూనె రైలు నడిచిన బాటలో సైకిళ్లు

మన పల్లెల్లో సైకిలు షికారు బండి కాదు. పాలక్యాన్లు మోసేది అదే, ఎరువు బస్తా మోసేది అదే. పొరుగూరికి కోతకు పోయే కూలీ సద్ది క్యారేజి తగిలించుకుని, వెనక కొడవలి కట్టుకుని తెల్లవారకముందే బయలుదేరేది దాని మీదే. మీటింగు ఉందని పది ఊళ్లు తిరిగి చెప్పవలసిన సంఘం కార్యకర్తకు సైకిలే కాళ్లు. ఇప్పుడు మోటారు బండ్లు వచ్చాయి, నిజమే. అయినా పేదవాడి వాకిట్లోంచి సైకిలు ఇంకా పోలేదు.

అలాంటిది, చేతి డబ్బు పెట్టుకుని, సెలవు పెట్టి, పనిగట్టుకుని వందల కిలోమీటర్లు పల్లెల వెంట సైకిలు తొక్కేవాళ్లున్నారంటే మన కూలీలు నవ్వుతారు. "తిన్నది అరక్క" అంటారు. యూరపులో అలాంటివాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లు ఇష్టపడి పోయే దేశాల్లో స్పెయిన్ ఒకటి. అక్కడి పల్లెసీమలు, కోటలు, పాత పట్టణాలు చూసుకుంటూ పోవడానికి ప్రత్యేకంగా బాటలే ఉన్నాయి.

ఈ షికారు సంగతి మనకెందుకు అని అడగవచ్చు. ఆ బాటలు పోయేది కూలీల గడ్డ మీదుగా గనుక. ఆ పొలాల్లో జరిగిన కథ మన కథకు దగ్గరి చుట్టం గనుక. మేము ఆ దారిలో సైకిలు తొక్కినవాళ్లం కాము. పటం ముందు పరచుకుని, దొరికినవి చదువుకుని, వేలితో గీత గీసుకుంటూ ఊరూరూ పోయాము. ఆ గీత వెంట పాఠకుల్ని కూడా తీసుకుపోదామని ఈ వ్యాసం. పేర్లు అక్కడివాళ్లు పలికే తీరుకు దగ్గరగా రాస్తున్నాము.

స్పెయిన్ పేరు మనకు మరీ కొత్త కాదు. అనంతపురం జిల్లా పేదలకు అసలే కాదు. బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి స్థిరపడి, గ్రామీణాభివృద్ధి సంస్థ పెట్టి, 2009లో అక్కడే కన్నుమూశాడు. పడుచువాడుగా ఉన్నప్పుడు స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లిక్ సైన్యంలో పనిచేసినవాడు ఆయన. ఆ యుద్ధం ఎందుకు వచ్చిందో తెలియాలంటే అక్కడి భూమి సంగతి తెలియాలి.

దొరల చేతికి భూమి ఎలా పోయింది

స్పెయిన్‌కు దక్షిణాన అందలూసియా అనే రాష్ట్రముంది. విస్తీర్ణం సుమారు 87 వేల చదరపు కిలోమీటర్లు, అంటే నేటి ఆంధ్రప్రదేశ్‌లో సగానికి కాస్త ఎక్కువ. ఎండలు మనకు తీసిపోవు. వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. ఆలివ్, గోధుమ, పొద్దుతిరుగుడు, ద్రాక్ష అక్కడి పంటలు.

అరబ్బుల ఏలుబడిలో ఉన్న ఆ గడ్డను పదమూడో శతాబ్దంలో కాస్తీల్ రాజులు జయించారు. కార్దోబా 1236లో, హాయేన్ 1246లో, సెవిల్ 1248లో వాళ్ల వశమైనాయి. గెలిచిన రాజు తన వెంట కత్తి పట్టిన సర్దార్లకు, మఠాలకు, చర్చికి ఊళ్లకు ఊళ్లే రాసిచ్చాడు. పెద్ద జమీలకు అది పునాది. ఆపైన పంతొమ్మిదో శతాబ్దంలో, 1836లోనూ 1855లోనూ, చట్టాలు చేసి చర్చి భూములు, ఊరి ఉమ్మడి భూములు వేలం వేశారు. పేరుకు సంస్కరణే. వేలంపాటలో పాడగలిగేది ఎవడు? డబ్బున్నవాడు. పేదవాడు మేకను మేపుకున్న బీడు, కట్టెలు ఏరుకున్న అడవి కూడా ఆసామి పేరిట పోయాయి. మిగిలింది వాడి రెండు చేతులు.

అలా పుట్టినవాడే అక్కడి 'హోర్నలేరో'. హోర్నల్ అంటే రోజు కూలి. రోజు కూలికి పోయేవాడు హోర్నలేరో. తెల్లవారుజామున ఊరి నడిబొడ్డున నిలబడితే మేస్త్రీ వచ్చి, కండ చూసి, నోరు చూసి ఎంచుకుపోయేవాడు. సంఘంలో తిరిగేవాడికి పని దొరకదు. ఈ మాట మనం ఎవరి దగ్గరా నేర్చుకోనక్కరలేదు.

మూతపడిన రైలు, తెరుచుకున్న బాట

మన ప్రయాణం హాయేన్ పట్టణంలో మొదలవుతుంది. ప్రపంచంలో అన్ని దేశాలకన్నా ఎక్కువ ఆలివ్ నూనె తీసేది స్పెయిన్. స్పెయిన్‌లో అన్ని జిల్లాలకన్నా ఎక్కువ తీసేది హాయేన్ జిల్లా. ఆ ఒక్క జిల్లాలోనే 6 కోట్లకు పైగా ఆలివ్ చెట్లున్నాయి. గుట్ట ఎక్కి చూస్తే కనుచూపు మేర బూడిదరంగు ఆకుల చెట్లు, గీత గీసినట్టు వరుసలు. మనిషి చేత్తో నాటిన అడవి అది.

ఆ నూనెను రేవులకు, నగరాలకు చేర్చడానికి పంతొమ్మిదో శతాబ్దం చివర రైలుమార్గం వేశారు. 1893 నాటికి హాయేన్ నుంచి పువెంతె హెనిల్ దాకా పూర్తయింది. జనం దాన్ని 'నూనె రైలు' అన్నారు. తొంభై ఏళ్లకు పైగా నడిచి, లాభం లేదని 1980లలో మూతపడింది. పట్టాలు పీకేశారు. స్టేషన్లు పాడుబడ్డాయి, కట్ట మీద ముళ్లకంప మొలిచింది.

ఇక్కడే గమనించవలసిన విషయముంది. ఆ కట్టను ముక్కలు చేసి పక్క ఆసాములకు అమ్మి ఉంటే కథ అంతటితో ముగిసేది. అలా జరగలేదు. 1993లో 'వియాస్ వెర్దెస్' అంటే పచ్చబాటలు అనే కార్యక్రమం మొదలైంది. మూతపడిన రైలు కట్టల్ని చదును చేసి, సొరంగాల్లో దీపాలు పెట్టి, వంతెనలకు కమ్మీలు బిగించి, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వదిలారు. మోటారు బండికి ప్రవేశం లేదు. దేశమంతటా కలిపి ఇప్పుడు 3 వేల కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. చాలాచోట్ల ఆ నేల ఇప్పటికీ ప్రభుత్వ రైల్వేదే. మునిసిపాలిటీలు, జిల్లా సంస్థలు తీసుకుని చూసుకుంటాయి.

నూనె రైలు కట్ట ఇప్పుడు 128 కిలోమీటర్ల పచ్చబాట. రైలు నిటారుగా కొండ ఎక్కలేదు గనుక దారంతా మెల్లని వాలే. ముసలివాళ్లు, పిల్లలు కూడా తొక్కగలరు. చాలా మేరకు కుర్చీబండి మీద వికలాంగులూ పోగలరు. పాత స్టేషన్లలో కొన్ని పూటకూళ్ల ఇళ్లయ్యాయి, కొన్నిచోట్ల అద్దె సైకిళ్లు దొరుకుతాయి. లోయల మీద పంతొమ్మిదో శతాబ్దపు ఇనుప వంతెనలు అలాగే నిలిచి ఉన్నాయి. హాయేన్, కార్దోబా జిల్లాలకు సరిహద్దైన గ్వాదహోస్ నదిని కూడా అలాంటి ఇనుప వంతెన మీదనే దాటాలి.

చెట్టు కింద ఎవరున్నారు?

షికారుకు వచ్చేవాడు వసంతంలోనో, ఎండ తగ్గాకనో వస్తాడు. ఆలివ్ కోత మాత్రం చలికాలపు పని. నవంబరులో ఊపందుకుని ఫిబ్రవరి దాకా సాగుతుంది. చెట్టు కింద వలలు పరుస్తారు. పొడవాటి గెడలతో కొమ్మల్ని కొడతారు. రేగుకాయంత కాయలు జలజలా రాలుతాయి. వలను లాగి, పోగుచేసి, గానుగకు పంపుతారు. ఇప్పుడు చెట్టును కుదిపే యంత్రాలు వచ్చాయి. యంత్రం వచ్చిన మేర చేతులు తగ్గాయి. పాతరోజుల్లో గెడ మగవాడిది. నేలరాలిన కాయల్ని చలిలో మోకాళ్ల మీద పాకుతూ ఏరుకోవడం ఆడదానిది. ఆమెకు కూలీ తక్కువ. వరి నాట్లలో నడుములు విరుచుకునే మన అక్కచెల్లెళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు.

హాయేన్‌లో భూమంతా దొరలదే అనడం సరికాదు. చిన్న కమతాల రైతులు చాలామందే ఉన్నారు, సహకార గానుగలున్నాయి. కాని కోతకాలంలో వచ్చే వలస కూలీలకు కమతమూ లేదు, గానుగలో వాటా లేదు. మొరాకో నుంచి, మాలీ, సెనెగల్ నుంచి వచ్చినవాళ్లు పని కోసం ఊరూరూ తిరుగుతారు. జిల్లాలో వాళ్ల కోసం సత్రాలు పెట్టారు, అది మంచి పనే. కాని ఒక్కో సత్రంలో ఉండనిచ్చేది కొద్ది రాత్రులే. ఆ తర్వాత పని దొరకనివాడికి బస్టాండు అరుగే పడక. నూనె సీసా మీద చెట్టు బొమ్మ ఉంటుంది, అరుగు మీద పడుకున్నవాడి బొమ్మ ఉండదు.

వాన లేకపోతే ఏమవుతుందో 2022లో చూశారు. 2021-22లో స్పెయిన్ దాదాపు 15 లక్షల టన్నుల ఆలివ్ నూనె తీసింది. కరువు వచ్చిన 2022-23లో అది 7 లక్షల టన్నులకు లోపే. ధర ఆకాశానికి ఎగిరింది, వార్తలన్నీ ధర గురించే. పోయిన కూలిదినాల మాట ఎత్తినవాళ్లు కొద్దిమంది.

కూలిదినాన్ని అక్కడ 'పెవొనాద' అంటారు. అందలూసియా, ఎస్ట్రెమదూరా అనే రెండు రాష్ట్రాల వ్యవసాయ కూలీలకు పనిలేని రోజుల్లో భృతి ఇచ్చే పద్ధతిని, దానితోపాటు గ్రామీణ ఉపాధి పథకాన్ని 1984లో అమలులోకి తెచ్చారు. పోరాడకుండా వచ్చింది కాదది. అయితే భృతి కావాలంటే ఏడాదిలో 60 కూలిదినాలు చేసినట్టు రుజువు చూపాలన్నారు. తరువాత అది 35 అయింది. 2022 కరువులో పదికి దించారు. రుజువు మీద సంతకం పెట్టేది ఎవరు? పని ఇచ్చిన ఆసామి. అంటే కూలీ నోరు మూయించడానికి ఆసామి చేతికి ఒక కలం దొరికింది. 2005లో మన దేశంలో ఉపాధి హామీ చట్టం వచ్చిన తర్వాత మస్టరు రోలు చుట్టూ మనం చేసిన పోరాటాలు గుర్తుకు తెచ్చుకుంటే చాలు. పథకం మంచిదే, కలం ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న.

తెల్లని ఊళ్లు, ఎర్రని రాతలు

గ్వాదహోస్ దాటితే కార్దోబా జిల్లా. లుకె, సుయెరోస్, దోన్యా మెన్సియా, కాబ్రా, లుసేనా – ఇవీ వరుసగా వచ్చే ఊళ్లు. సుయెరోస్ చాలా అందమైన ఊరంటారు. సున్నం కొట్టిన తెల్లని ఇళ్లు కొండ అంచున గూళ్లలా అతుక్కుని ఉంటాయి. పైన బండరాయి మీద పాత కోట. బాట మీంచి తలెత్తి చూస్తే కోటా, రాయీ ఒకటే అనిపిస్తుంది.

ఈ కార్దోబా జిల్లా పల్లెల్లో ఒకప్పుడు సున్నపు గోడల మీద "రష్యా వర్ధిల్లాలి" అని రాశారు. 1917లో రష్యాలో విప్లవం వచ్చి, భూమి రైతుల పాలైందన్న కబురు ఇక్కడి చదువురాని కూలీలకు కూడా చేరింది. 1918 నుంచి 1920 వరకు జిల్లా అంతటా సమ్మెలు సాగాయి. స్పెయిన్‌లో ఆ మూడేళ్లను 'బోల్షెవిక్ మూడేళ్లు' అంటారు. కూలి పెంచాలి, గుత్త పని పోవాలి, ఊరివాడికి ముందు పని ఇవ్వాలి. ఇవీ కోరికలు. ఇందులో మనకు తెలియని కోరిక ఒక్కటైనా ఉందా?

ఆ ఉద్యమ చరిత్రను రాసింది హువాన్ దియాస్ దెల్ మొరాల్ అనే దస్తావేజుల నోటరీ. బుహలాన్సె అనే ఊళ్లో ఆయన కొలువు. కూలీల కరపత్రాలు, చిన్నచిన్న పత్రికలు దాచిపెట్టుకుని, 1929లో పెద్ద పుస్తకం వేశాడు. అవి దాచి ఉండకపోతే ఆ సమ్మెల సంగతి మనకింత వివరంగా తెలిసేది కాదు. సంఘం మినిట్సు పుస్తకాలు చెదలుకు వదిలేసే మనవాళ్లు ఈ సంగతి మనసున పెట్టుకోవాలి.

అంతకు ముందు కూడా ఈ కొండల్లో నిప్పు రగిలింది. 1861లో పక్క జిల్లా లోహా పట్టణాన్ని రైతుకూలీలు కొద్ది రోజులపాటు పట్టుకున్నారు. నాయకుడు రఫాయెల్ పెరెస్ దెల్ ఆలమో. గుర్రాలకు లాడాలు కొట్టి వైద్యం చేసేవాడు. సైన్యం వచ్చి అణచింది. లోహా కోట చూడ వచ్చే యాత్రికుడికి రాజుల పేర్లు చెబుతారు. లాడాలు కొట్టినవాడి పేరు అడిగితేనే చెబుతారు.

పంట ఎంచుకోవడం కూడా పోరాటమే

పచ్చబాట పువెంతె హెనిల్‌లో ముగుస్తుంది. అక్కడి నుంచి పడమరగా మామూలు రోడ్డెక్కి, ఎర్రెరా మీదుగా పోతే సెవిల్ జిల్లాలో మారినలేడా వస్తుంది. రెండున్నర వేల పైచిలుకు జనమున్న చిన్న ఊరు. కోట లేదు, గొప్ప గుడి లేదు. అయినా మేము వేలు ఎక్కువసేపు ఆపింది ఈ ఊరి మీదే.

నియంత ఫ్రాంకో 1975లో చచ్చాడు. మరుసటి ఏడే, 1976లో, అందలూసియా కూలీలు 'గ్రామీణ కార్మిక సంఘం' పెట్టుకున్నారు. మారినలేడా అందులో ముందు నిలిచింది. 1979లో హువాన్ మనుయెల్ సాంచెస్ గోర్దియో మేయరయ్యాడు. 2023 వరకు ఆయనే మేయరు. 1980 ఆగస్టులో ఆ ఊరి జనం 700 మంది నిరాహారదీక్ష పట్టారు. ఆకలి మీద ఆకలి సమ్మె అన్నారు దానికి. ఇన్ఫాంతాదో డ్యూకుకు చెందిన జమీని పదేపదే ఆక్రమించారు. పోలీసులు తరిమితే మళ్లీ వచ్చారు. చివరకు 1991లో ప్రభుత్వం ఆ జమీలో 1,200 హెక్టార్లు, అంటే సుమారు 3 వేల ఎకరాలు తీసుకుని కూలీల సాగుకు ఇచ్చింది. ఆ పొలం పేరు ఎల్ ఉమోసో.

ఆ భూమిని పంచుకోలేదు, సహకార సంఘంగా చేశారు. ఏ పంట వేయాలన్న చర్చ వచ్చింది. గోధుమ, పొద్దుతిరుగుడు వేస్తే యంత్రం దున్ని, యంత్రం కోసి పోతుంది. లాభం ఉండవచ్చు, కూలిదినాలు ఉండవు. అందుకని చేతిపని ఎక్కువ ఉండే ఆర్టిచోక్, మిరప, చిక్కుడు, ఆలివ్ ఎంచుకున్నారు. కాయను ఊళ్లోనే డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ పెట్టారు, నూనె గానుగ పెట్టారు. ఎకరాకు ఎంత లాభమని కాక, ఎకరాకు ఎన్ని కూలిదినాలని లెక్క వేశారు. భూమి కోసం పోరాడే ప్రతి సంఘమూ ఈ లెక్క నేర్చుకోవాలి. ఇళ్ల విషయం కూడా చెప్పుకోదగిందే. స్థలం, సామాను సర్కారుది, కష్టం కుటుంబానిది. నెలకు 15 యూరోల వాయిదాతో వందలాది ఇళ్లు లేచాయి.

ఒక్క ఊరు గెలిస్తే అందలూసియా గెలిచినట్టు కాదు. చుట్టూ సముద్రంలా పెద్ద కమతాలు అలాగే ఉన్నాయి. అయితే ఒక్క ఊరు గెలిచిందన్న సంగతి కూడా చిన్నది కాదు.

మేడల వీధిలో

మారినలేడా నుంచి నైరుతిగా దిగితే ఓసునా. చరిత్ర పట్టణాలు చూడాలనుకునే సైకిలువాడు తప్పక ఆగే చోటు. కొండ మీద పెద్ద చర్చి, దాని కింద డ్యూకుల సమాధులు, 1548లో పెట్టిన విశ్వవిద్యాలయం, కింద వీధుల్లో చెక్కడాల మేడలు. చూడవద్దని మేము అనము. రాయి చెక్కినవాడూ కష్టజీవే, వాడి పనితనాన్ని చూడాల్సిందే. కాని ఆ రాళ్ల ఖర్చు ఎక్కడిదని కూడా అడగాలి. ఓసునా డ్యూకుల జమీలు స్పెయిన్ అంతటా ఉండేవి. పన్నెండో డ్యూకు రష్యా చక్రవర్తి కొలువులో రాయబారిగా ఉండి, అక్కడి ప్రభువులే నోరు తెరిచేలా డబ్బు తగలేశాడు. 1882లో చనిపోయేనాటికి ఆస్తంతా అప్పుల్లో మునిగింది. జమీ చెదిరింది, సరే. అప్పులవాళ్ల చేతికి, కొత్త ఆసాముల చేతికి పోయింది. దున్నేవాడి చేతికి మాత్రం రాలేదు. దొర చెడినంత మాత్రాన కూలీ బాగుపడడు.

ఓసునాకు దగ్గరలోనే లోస్ కొర్రాలెస్ అనే ఊరుంది. దియమంతీనో గార్సియా అనే ఫాదరీ అక్కడ పనిచేశాడు. ప్రసంగం చెప్పి ఊరుకోలేదు. తన మందితోపాటు తానూ కూలికి పోయాడు, వలస కోతలకు పోయాడు, 1976లో కూలీల సంఘం పెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. 1995లో చనిపోయాడు. ఏ మతమన్నది కాదు, ఎవరి పక్కన నిలబడ్డాడన్నదే లెక్క.

రైలే రాని రైలుబాట

ఓసునా నుంచి దక్షిణంగా కొండలెక్కితే కాదిస్ జిల్లాలో ఓల్వెరా. కొండకొన మీద కోట, పక్కన చర్చి, చుట్టూ తెల్లని ఇళ్లు. చాలా దూరం నుంచే కనిపిస్తుంది. ఇక్కడ మరో పచ్చబాట మొదలవుతుంది. కోరిపె మీదుగా పువెర్తో సెర్రానో వరకు 36 కిలోమీటర్లు, 30 సొరంగాలు, 4 పెద్ద వంతెనలు. ఒక్క సొరంగం కిలోమీటరుకు కాస్తే తక్కువ. దారిలో సాఫ్రమగోన్ అనే పెద్ద బండ మీద రాబందుల గుంపులు గూళ్లు కట్టుకుని ఉంటాయి. స్పెయిన్‌లోని పచ్చబాటలన్నింటిలో దీనికి మంచి పేరు.

విచిత్రమేమంటే ఈ కట్ట మీద ఒక్క రైలు కూడా నడవలేదు. ప్రిమో దె రివేరా నియంతగా ఉన్నప్పుడు, 1920లలో, హెరెస్ నుంచి కొండల మీదుగా రైలు వేస్తామని పని మొదలుపెట్టారు. కూలీలు కొండల్ని తొలిచారు, వంతెనలు కట్టారు, స్టేషన్లు లేపారు. తర్వాత డబ్బు లేదన్నారు. 1936లో అంతర్యుద్ధం వచ్చింది. పట్టాలు పరిచే రోజే రాలేదు. ఆ కొండ ఊళ్ల జనం రైలు కోసం చూసి చూసి, చివరకు కట్టుగుడ్డలతో బార్సిలోనాకు, ఫ్రాన్సుకు, జర్మనీకి వలసపోయారు. 1950ల తర్వాత అందలూసియా నుంచి అలా పోయినవాళ్లు లక్షల్లో ఉన్నారు. నేడు షికారు సైకిలు చల్లగా దూసుకుపోయే ఆ సొరంగం, ఎవడో ఊపిరితిత్తుల్లో రాతిపొడి నింపుకుని తొలిచింది.

పశువుల బాట, పేరు తిరిగి తెచ్చుకున్న ఊరు

కాదిస్ జిల్లాలోనే ఇంకా దక్షిణాన, రెండు సముద్రపు అఖాతాల మధ్య మరో సైకిలు దారి ఉంది. అది రైలు కట్ట కాదు, పశువుల బాట. వేసవికి కొండలకు, చలికాలానికి మైదానాలకు గొర్రెల మందలు తోలుకుపోయే బాటలు స్పెయిన్ అంతటా ఉన్నాయి. మొత్తం కలిపితే సుమారు 1 లక్షా 25 వేల కిలోమీటర్లని అంచనా. శతాబ్దాల నాటి హక్కు అది. మందలు తగ్గాక పక్క ఆసాములు బాటను దున్ని కలుపుకున్నారు, కంచె వేశారు. 1995లో చట్టం చేసి ఈ బాటలు ప్రజల ఆస్తి అన్నారు. అమ్మరాదు, జప్తు చేయరాదు, ఎన్నేళ్లు ఆక్రమించుకున్నా హక్కు రాదు. మందలకు అడ్డం కానంతవరకు నడిచేవాళ్లూ, సైకిళ్లూ పోవచ్చు. చట్టం ఉన్నా చాలాచోట్ల కంచెలు ఇంకా లేవలేదు. గుంపులుగా నడిచి, బాట ఇదేనని చూపించేవాళ్లు ఉన్నచోటే అవి తెరుచుకున్నాయి.

ఆ దక్షిణపు దారి మీదనే కాసాస్ వియేహాస్ అనే ఊరుంది. 1933 జనవరిలో ఆ ఊరి భూమిలేని కూలీలు తిరగబడ్డారు. స్పెయిన్‌లో అప్పటికి రిపబ్లిక్ వచ్చి రెండేళ్లు కావస్తోంది. 1932లో భూసంస్కరణ చట్టం చేశారు, భూమి మాత్రం కదలలేదు. పోలీసులు వచ్చి, 'సెయిస్‌దేదోస్' అంటే ఆరువేళ్లవాడు అని పిలిచే ఒక ముసలి కూలీ గుడిసెను చుట్టుముట్టి, లోపలి మనుషులతో సహా తగలబెట్టారు. తర్వాత ఊళ్లో దొరికినవాళ్లను నిలబెట్టి కాల్చారు. ఇరవైమందికి పైగా చనిపోయారు. ఆ మంట సర్కారును కుదిపేసింది. మూడేళ్లకు ఫ్రాంకో తిరుగుబాటు వచ్చింది. అందలూసియాలో సంఘం కార్డున్న కూలీల్ని వేలకు వేలు చంపారు. ఆక్రమించిన భూములు దొరలకు తిరిగి ఇచ్చారు.

అధికారులు ఆ ఊరి పేరు కూడా వాడకుండా బెనలూప్ అన్నారు. నియంతృత్వం పోయాక జనం పాత పేరు వదలలేదు. ఇప్పుడు ఆ ఊరు బెనలూప్-కాసాస్ వియేహాస్. సైకిలు మీద పోయేవాడికి ఊరి మొగలో బోర్డు మీదే ఆ పేరు కనిపిస్తుంది.

మనం పట్టుకోవలసింది

వందలాది కిలోమీటర్ల ఈ దారిలో మాకు అన్నిటికన్నా గట్టిగా తోచింది ఇది. బాట ప్రజలది కావడం వల్లనే ఎవడైనా దాని మీద పోగలుగుతున్నాడు. రైలు కట్టను అమ్మలేదు గనుక పచ్చబాట అయింది. పశువుల బాటను చట్టం కాపాడింది గనుక మిగిలింది. కాని బాటకు అటూ ఇటూ ఉన్న నేల ఇంకా ప్రజలది కాలేదు. దారినపోయేవాడికి పోవడానికి చోటు దొరికింది. దున్నేవాడికి నిలబడడానికి చోటు దొరకలేదు. ఆ రెండో పని ఎల్ ఉమోసోలో జరిగింది, మిగతాచోట్ల జరగవలసి ఉంది.

మరి మన సంగతి? గుంటూరు వైపు డొంక అంటారు, గోదావరి వైపు పుంత అంటారు. బండ్లు, పశువులు, కోత కూలీలు, చివరకు శవం కూడా పోయే దారి అదే. గ్రామ పటంలో ఇరవై ముప్పై అడుగుల వెడల్పుతో ఉంటుంది. పొలంలోకి పోయి చూస్తే రెండు గట్లు కలిసిపోయి ఉంటాయి. పెద్ద ఆసామి ఏటా నాగలి ఒక చాలు జరుపుతాడు. చెరువు పోరంబోకు, శ్మశానం దారి కూడా అంతే. దారి పోయిన పేదవాడు ఆసామి గట్టు మీద నడవాలి. గట్టు మీద నడిచేవాడు ఆసామికి ఎదురు చెప్పలేడు. దారి సమస్య చివరకు కూలి సమస్య అవుతుంది.

అందుచేత ప్రతి గ్రామ శాఖా ఒక పని పెట్టుకోవాలి. ఊరి పటం నకలు తీయించండి. చదువుకున్న కుర్రవాళ్లను వెంటబెట్టుకుని, సైకిళ్ల మీద, కాలినడకన, డొంకలన్నీ ఒకసారి తిరగండి. పటంలో ఉండి నేల మీద లేనిది ఏదో, ఎవరి కంచెలో ఉందో రాసుకోండి. ఎమ్మార్వో ముందు పెట్టండి. సంఘం వెనక నిలిస్తే ముసలివాళ్లే వచ్చి, "ఈ చింతచెట్టు దగ్గర బండి తిరిగేదయ్యా" అని చూపిస్తారు.

ఎక్కడో స్పెయిన్‌లో రైలు ఎరుగని రైలు కట్ట మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. మన ఊరి పుంత మీద మన పశువు, మన కూలీ తలెత్తుకుని పోలేరా? పోగలరు. ముందుగా ఆ బాట ఎక్కడుందో మనం వెతికి పట్టుకోవాలి.